పొంగకముందే దించిన పాలు

పోయిన నెల మా చెల్లెలి మనవరాలు అల్ఫారెట్టాలో ఇల్లు కొనుక్కుని పాలు పొంగించింది. పాలు గిన్నె అంచుకి రాగానే ఆ పిల్ల చెయ్యి స్టవ్ ఆపడానికి వెళ్ళింది. నేను చటుక్కున మణికట్టు పట్టుకున్నాను. "అమ్మమ్మా, స్పిల్ అయితే క్లీన్ చేయడం ఎంత కష్టమో తెలుసా?" అంది. పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానో అక్కడెవరికీ చెప్పలేదు.

డెబ్బైల చివర్లో మేం న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్ కొన్నాం. పొద్దున్నే న్యూయార్క్ రైలెక్కినవాళ్ళు సాయంత్రం దిగేదాకా కుక్క కూడా మొరగని ఊరు. ఎర్ర ఇటుకల పాత బిల్డింగ్, రెండో అంతస్తు, చిన్న గదులు మూడు. స్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చని మా ఆయనకి నచ్చింది. నాకు మూడో గది నచ్చింది. అంతకుముందు అద్దె ఇంట్లో ఉండగా నాకు రెండుసార్లు కడుపు పోయింది. కొత్త ఇంట్లో మంచి వేళకి పాలు పొంగితే ఈసారి బిడ్డ నిలుస్తుందని నమ్మాను. ఆ మాట ఆయనతో కూడా అనలేదు. పైకి అంటే నమ్మకం పలచబడుతుందని భయం.

ముహూర్తం పెట్టించి మా మామగారు ఊర్నించి ఉత్తరం రాశారు. నాకప్పటికి అక్షరాలు రావు, మా ఆయనే చదివి వినిపించారు. గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. అది దాటితే ఆషాఢం. ఇంటి కాగితాల మీద సంతకాలు మాత్రం ఆ తర్వాతి వారానికి పడ్డాయి. ఇల్లింకా మాది కాదు, ముహూర్తమేమో ఆగదు. చివరికి మా ఆయన ఇల్లు అమ్ముతున్నావిడనే అడిగారు. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయాక కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. "పాలు కాచుకుంటారా? దానికేం, రండి" అందిట.

ఆవిడ వంటిల్లు అద్దంలా ఉంది. తెల్ల పొయ్యి మీద చిన్న మరక లేదు. మా గిన్నెకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పాలు పోసి వెలిగించాను. ఆవిడ కూడా పక్కనే నిలబడింది. అవి పొంగాలని ఆవిడకి చెప్పాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. చెప్పాల్సిన విషయమని ఎలా తోస్తుంది? పాలు నురగతో అంచుదాకా లేచాయో లేదో, "ఓ మై!" అంటూ ఆవిడ నన్ను దాటుకుని వచ్చి, పొయ్యి ఆపి, గిన్నె దించేసింది. ఒక్క చుక్క పోలేదని నవ్వుతూ చూపించింది.

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఆయన ఇంగ్లీషులో ఏదో చెబుతుంటే ఆవిడ ముఖం పాలిపోయింది. ఫ్రిజ్‌లోంచి తన పాలు తీసి, తన గిన్నెలో పోసి, పొయ్యి మీద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది. పాలు పొంగి మంట మీద పడ్డాయి. మాడు వాసన గదంతా నిండింది.

"పొంగాయి కదా, ఇంక లే" అన్నారాయన.

గోడ గడియారం చూశాను. ముహూర్తం ఏడు నిమిషాలు దాటింది.

ఆ ఇంట్లో మాకు పిల్లలు పుట్టలేదు. మూడో గదిలో కుట్టు మిషను పెట్టుకున్నాను. ఆవిడ ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేది. నేను దాన్ని సొరుగులో పడేసేదాన్ని. తప్పంతా ఆవిడదేనని లోపల తేల్చేసుకున్నాను.

కొన్నేళ్ళకి మనవాళ్ళ పిల్లలకి ఆదివారాలు తెలుగు క్లాసు మొదలైంది. మరమరాలు పంచడానికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. "ఆంటీ, మీ 'ఖ' రాంగ్" అని ఓ చిన్నది నా పలక లాక్కుని దిద్దేది. నలభై దాటాక అలా అక్షరాలు వచ్చాయి. ఇంక ఇంట్లో ఉన్న తెలుగు కాగితమల్లా చదివాను. మామగారి ఉత్తరాలూ చదివాను. ముహూర్తం కింద ఇంకో వాక్యం ఉంది: ఇది మన ఊరి గంటల ప్రకారం, అక్కడ ఏ వేళ అవుతుందో అబ్బాయి లెక్క కట్టుకోవాలి.

ఉత్తరం ఆయన ముందు పెట్టాను.

"చూశాను లేవే. ఇక్కడ అర్ధరాత్రి దాటాక వస్తుంది. అప్పుడెళ్ళి ఆ ముసలావిడ తలుపు కొట్టమంటావా?"

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెబితే నువ్వు ఒప్పుకుంటావా? అయినా పాలు పొంగాయి కదా, ఇప్పుడెందుకు?"

నా ఏడు నిమిషాల సంగతీ, ఇన్నాళ్ళూ ఆవిడనే తప్పుపట్టిన సంగతీ అప్పుడు చెప్పాను. ఆయన లేచి, సొరుగులోంచి ఓ కార్డు తీసి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశారు. ఆ రోజు పాల విషయంలో మా ఆవిడ మిమ్మల్ని తప్పు పట్టింది, క్షమించమంటోంది అని చెప్పి, అవతలి మాటలు విని నా వైపు తిరిగారు.

"ఆవిడకి పాల సంగతే గుర్తులేదట. బాత్‌రూమ్ పంపు కారుతుండేది, బాగు చేయించారా అని అడుగుతోంది."

"చేయించామని చెప్పండి" అన్నాను.

ఆ ఏడు నిమిషాల్ని నేను ఎనిమిదేళ్ళు మోశాను. ఆవిడ వాటిని ఆ మధ్యాహ్నమే, పొయ్యి తుడిచిన గుడ్డతో పాటు ఉతికి ఆరేసుకుంది కాబోలు.