అల్లుడి పంచెకు అంచు

తడి చల్లిన నూలు గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె నడిస్తే ఒక ఆవిరి వాసన లేస్తుంది. అది ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు మౌలా మామ గుర్తొస్తాడు, ఆ వెంటనే ఆయన కొడుకు మీద కోపం వస్తుంది. పోయిన ఉగాది నుంచి అన్వర్‌ను ఒకే మాట అడుగుతున్నాను. దుకాణానికి వెళ్లి అడిగాను, ఫోన్ చేసి అడిగాను, ఒక పెళ్లిలో అతను అన్నం తింటుంటే పక్క ఆకు ముందు కూర్చుని అడిగాను. "చూద్దాంలే అన్నా" అంటాడు. ఇన్నాళ్లుగా ఏం చూస్తున్నాడో తెలియదు. ఉగాది నాడు దేవుని కడప స్వామికి పట్టుకెళ్లే పంచెకు అంచు కుట్టే పని నాదా, కాదా? నేనడిగేది ఇంతే. మామను ఎరగనివాళ్లకు ఇది గొడవపడేంత విషయంగా తోచకపోవచ్చు. అందుకే ఆయన గురించి చెబుతున్నాను.

పెళ్లయిన కొత్తలో పత్తికొండ నుంచి కర్నూలు వచ్చి మామ దగ్గర కుట్టుపనికి చేరాను. ఆయన నాకు చుట్టమేమీ కాదు, పనివాళ్లందరం మామ అనే పిలిచేవాళ్లం. పాతబస్తీలో చిన్న దుకాణం. ఉగాదికి ముందు మాకు నిద్ర ఉండేది కాదు. పండగ బట్టలన్నీ ఇచ్చేశాక, పండగ రోజు ఆయన దుకాణం మూసి పనివాళ్లందరినీ బండి ఎక్కించేవాడు. కడప చూసి రావడం ప్రతి ఏటా ఉండేదే. అయితే బండి తిన్నగా కడప దారి పట్టేది కాదు. ముందు కొండారెడ్డి బురుజు దగ్గర ఆగేది. ఇంకా సరిగా తెల్లవారకముందే మమ్మల్నందరినీ దించి, తలెత్తి చూడమనేవాడు.

మొదటి ఏడాది నేను విసుక్కున్నాను. "దినామూ చూసేదే గదా మామా!"

"యాడ చూస్తాండావు? దాని నీడన నిలబడి బీడీ తాగుతాండావు, అంతే. కడపోళ్లు మీ ఊర్లో ఏముండాదని అడిగితే బీడీల అంగడి చెప్తావా?"

అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్విన ఆ నవ్వు నేను మరిచిపోలేదు. కానీ ఆ పొద్దున బురుజు రాళ్ల మీద మెల్లగా ఎర్రబడిన వెలుగును కూడా మరిచిపోలేదు. అన్నాళ్లూ దాని ముందు నుంచి తిరిగినవాణ్ని, ఆరోజే మొదటిసారి చూశాను.

కడప చేరేసరికి ఎండ మండిపోయేది. మామ వాళ్లమ్మ పుట్టింది ఆ ఊళ్లోనే. అందుకే ఊరు దగ్గరపడే కొద్దీ ఆయన నడుం నిటారుగా అయ్యేది, గొంతు పెరిగేది. ముందు దోశల హోటలు. ఎర్ర కారం పూసి, పైన పప్పుల పొడి చల్లిన దోశ. ఆ మొదటి ఏడాది మా తర్వాత వచ్చినవాళ్లకు దోశలు వెళ్లిపోయాయి, మా బల్ల దగ్గర నాకొక్కడికే రాలేదు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆ హోటలువాడి ముఖం ఇప్పుడు కనపడినా గుర్తుపడతాను.

"ఏమబ్బీ, అలిగినావా?" అన్నాడు మామ.

"లేదు మామా. ఆకలి లేదు."

"ఆకలి లేనోని చూపు పక్కోని ప్లేటు మీద ఉండదు. లెయ్. పొయ్ అడుగు. అడిగినాక ఆన్నే నిలబడు. అడిగి వచ్చేసి కూర్చుంటే వాడు మర్చిపోతాడు, నువ్వు జన్మంతా తిట్టుకుంటాంటావు."

లేచి వెళ్లి పెనం పక్కన నిలబడ్డాను. సెగ ముఖానికి కొడుతున్నా కదల్లేదు. హోటలువాడు రెండుసార్లు నా వైపు చూసి, మూడోసారి దోశ నా చేతికే ఇచ్చాడు. ఆ తర్వాత రేషను బియ్యమైనా, ఇంటి కుళాయి అయినా, నాకు రావలసినది ఏదైనా నేను అలాగే తెచ్చుకున్నాను. నన్ను మొండివాడని అనేవాళ్లు ఆ మాట మామను అనాలి.

అక్కడి నుంచి దేవుని కడప. ఉగాది నాడు ఆ గుడికి ముసల్మానులు కుటుంబాలతో వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని, వెంకటేశ్వరస్వామి తమ అల్లుడని వాళ్ల నమ్మకం. పండగపూట కూతురింటికి ఉత్త చేతులతో ఎవరు వెళ్తారు? కొందరు బియ్యం, బెల్లం తెచ్చేవాళ్లు. మామ పంచె తెచ్చేవాడు. దాని రెండు కొసలూ సన్నగా మడిచి, మిషను తగలనివ్వకుండా చేత్తో కుట్టేవాడు. ఆ మొదటి ఏడాది గుడి వరుసలో ఆ కుట్టు చూసి నా నోరు ఆగలేదు.

"మామా, దేవునికి కుట్టిన బట్ట పెట్టరు. సూది తగలకూడదు."

"మీ దేవునికి పెట్టొద్దులే. నేను మా అల్లునికి పెడతాండా."

"ఇద్దరూ ఒగరే గదా!"

"అట్లయితే ఆయప్పకు తెలుసు, టైలరింట్లో పిల్లను చేసుకున్నానని. ఈ ఇంటినుంచి దారాలు ఏలాడే బట్ట పోతే నాంచారమ్మ తలెత్తుకుంటుందా?"

వరుసలో మా వెనకున్న పెద్దమనిషి ఒకాయన నా మాటే అందుకుని, కుట్టిన పంచె పనికిరాదన్నాడు. అప్పటిదాకా అదే అన్న నేను ఆయన మీదికి వెళ్లాను. "మా మామకు చెప్పేదానికి నువ్వెవరు?" పూజారి పంచె అందుకుని, కుట్టు మీద వేలితో నిమిరి చూసి, "శానా బాగుందే సాయిబూ" అని లోపలికి తీసుకెళ్లాడు. మామ నా వైపు తిరిగాడు. భుజం మీద చెయ్యి వేశాడు. సాయంత్రం ఊళ్లోని దర్గాకు వెళ్లినప్పుడు మా అందరి తలల మీద వేసుకోవడానికి జేబులోంచి గుడ్డలు తీశాడు. మిగిలిన ముక్కలతో ఆయన కుట్టినవే. నాకిచ్చినది మాత్రం కొత్త గుడ్డ. ఎందుకని అడగలేదు. నేను జవాబు అడగకుండా ఊరుకున్నది జీవితంలో అదొక్కటే.

మామకు చేతులు వణకడం మొదలయ్యాక కూడా రెండు ఉగాదులు ఆయనే కుట్టాడు. చివరి చలికాలంలో మంచం పట్టాడు. చూడటానికి వెళితే దగ్గరికి రమ్మన్నాడు. అన్వర్ వాళ్ల నాయనకు పాలు తాగించి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"అబ్బీ, ఈ తూరి అంచు నువ్వు కుట్టాల. పొడుగు కుట్లు ఎయ్యొద్దు. నీకు తొందరెక్కువ."

"నువ్వే కుడతావులే మామా."

"సూది కనపడ్డంల్యా. నువ్వే కుట్టు. అల్లుని ముందర నా పరువు తియ్యాకు."

ఉగాది రాకముందే మామ వెళ్లిపోయాడు. పండగ రోజు తెల్లవారకముందే పంచె మడిచి పెట్టుకుని, కర్నూలు పక్కనే కల్లూరులో నా గడప ముందు కూర్చున్నాను. చిన్న చిన్న కుట్లే వేశాను, తొందరపడలేదు. నేను వేరే మిషను పెట్టుకున్నాక కూడా ఏటా అక్కడికొచ్చి నన్నెక్కించుకునే బండి ఆరోజు రాలేదు. మధ్యాహ్నం ఎవరో నా ఫోనుకు ఫొటో పంపారు. గుడి ముందు అందరూ నవ్వుతూ నిలబడ్డారు. అన్వర్ చేతుల్లో అంగట్లో కొన్న పంచె, ధర చీటీ కూడా తియ్యలేదు.

అన్వర్‌కు నా మీద కోపమేమీ లేదని తోటివాళ్లు చెబుతారు. మరిచిపోయి ఉంటాడు, వదిలెయ్యి అంటారు. మరిచిపోతే మరిచిపోయానని చెప్పనీ. నేను బయటివాణ్నని అనుకుంటే ఆ మాటే నా ముఖాన అననీ. రెండింటికీ నా దగ్గర జవాబుంది. జవాబు లేనిది "చూద్దాంలే" అన్న మాటకే.

అన్వర్, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆరోజు మంచం పక్కన నిలబడ్డావు. మీ నాయన మాట నువ్వు విన్నావా, లేదా? రేపు పొద్దున నీ దుకాణం ముందుకు వస్తున్నాను. చెప్పేదాకా ఆన్నే నిలబడతా.