కొట్టినట్టు వేరు, కొట్టడం వేరు

మా ఆయన పోయాక ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో గుంపులో నిలబడే వేషాలు వేసి బతికాను. తొంభైలలో ఒక సినిమాలో మొదటిసారి నన్ను గుంపులోంచి బయటికి పిలిచారు. దొర చేతిలో చెంపదెబ్బ తినే కూలిదాని వేషం.

సినిమా చెంపదెబ్బకు ఒక పద్ధతుంది. కొట్టేవాడి చెయ్యి చెంపకు జానెడు దూరంలో గాలిని కోసుకుంటూ పోతుంది. తినేవాళ్లు సరిగ్గా అప్పుడే మొహం తిప్పేస్తారు. చప్పుడు తర్వాత కలుపుతారు. రిహార్సల్లో దొర వేషం వేసినాయన అలాగే చేశాడు. కెమెరా తిరిగాక మాత్రం ఆ అరచెయ్యి నిండుగా వచ్చి నా ఎడమ చెవి మీద పడింది. కూలబడ్డాను. షాటు బ్రహ్మాండమని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, చుట్టూ చేరినవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాడు. "కావాలనే చెప్పలేదండీ. చెబితే ముందే బిగుసుకుపోతుంది. నిజంగా కొడితేనే ఆ చూపు వస్తుంది."

మర్నాటికి ఆ చెవిలో గుయ్యిమనే రొద తప్ప మాటన్నది లేదు. మేనేజరు దగ్గరికి పోయాను.

"సారూ, చెవి వినిపిస్తలేదు. డాక్టరుకు జూపియ్యాలె. ఆయన అందరి ముంగట తప్పయిందనాలె."

"చెంపదెబ్బ సీనుకు వచ్చి దెబ్బ తగిలిందంటే ఎలాగమ్మా? ఏట్లో దిగి తడిశానన్నట్టుంది. గొడవ చేశావంటే రేపటి నుంచి నీకు వేషం ఉండదు."

నోరు మూసుకుని వచ్చేశాను. ఆ వేషాలు పోతే పొయ్యి వెలగదు.

షూటింగు లేనప్పుడు బంజారా హిల్స్‌లో ఒక వకీలమ్మ ఇంట్లో అంట్లు తోమేదాన్ని. "పిలిస్తే పలకవేంటి?" అని ఆమె కోప్పడితే, జరిగింది చెప్పి, "ఒప్పుకునే పోయిన గదమ్మా" అన్నాను.

"దేనికి ఒప్పుకున్నావు? బస్సెక్కితే పక్కవాళ్ల భుజం తగులుతుంది, ఊరుకుంటాం. గిచ్చితే ఊరుకుంటామా?"

"చెప్పు తీస్తం."

"మరి? నువ్వు ఒప్పుకుంది గాలిదెబ్బకు. అయినా, పొరపాటున తగిలిందేమో?"

"పొరపాటెట్లయితది? చెప్పకుండ కొట్టిన్నని ఆయనే చెప్పుకున్నడు. టీ పోసెటోడు సుత విన్నడు."

వకీలమ్మ నవ్వింది. "అయితే సగం కేసు ఆయనే గెలిపించి పెట్టాడు."

ఆమె నోటీసు పంపింది. కోర్టుకెక్కితే, వాళ్లు మెచ్చుకున్న ఆ షాటే సాక్ష్యమని, సినిమా విడుదల ఆపమని కూడా అడుగుతామని అందులో రాసిందట. విడుదల మాట వినగానే మేనేజరు కారేసుకుని మా గల్లీకి వచ్చి, "అమ్మగారూ" అన్నాడు. నా వేషాలకు ఢోకా లేదన్నాడు. చెవి డాక్టరుకు చూపించారు. లోపల పొరకు చిల్లు పడిందని, నెమ్మదిగా పూడుకుంటుందని ఆయన చెప్పాడు. అంతటితో వదలమన్నారు. నేను వదల్లేదు.

అదే సెట్లో, అందరూ చూస్తుండగా ఆ నటుడు వచ్చి నా ఎడమ పక్కన నిలబడ్డాడు. నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"గా చెవి మీరే చెడగొట్టిన్రు బాబూ. గిటు దిక్కు వచ్చి జర గట్టిగ చెప్పున్రి."

లైట్ల దగ్గరివాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన నా ముందు నుంచి కుడి పక్కకు వచ్చాడు.

"తప్పయిపోయిందమ్మా. నిన్ను అడగకుండా కొట్టకూడదు."

ఈసారి గేటు దాకా వినిపించింది.