ఆడబిడ్డ సీటుకు నేను వేసిన రంగులు

"ఒక చీర నేయడానికి నీకు ఎన్ని రోజులు పడుతుంది?" అని ఇంగ్లీషులో అడిగాను.

మా ఆడబిడ్డ నా ముఖంలోకి చూసింది. నేను పాఠం చెప్పే బడిలో పిల్లలు నల్లబల్ల వైపు చూస్తారే, అలా. జవాబు నేనే అక్కడ రాసిపెట్టి ఉంటానన్నట్టు.

ఆదివారం మధ్యాహ్నం. ధర్మవరంలో మా వీధంతా మగ్గాల చప్పుడు. ఒక ఇంటి చప్పుడు ఆగకముందే ఇంకో ఇంటిది అందుకుంటుంది. కళ్ళు మూసుకుని వింటే ఎక్కడో రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. ముందుగదిలో నా భర్త నేస్తున్నాడు. మరుసటి రోజు పదకొండు గంటలకు ఆడబిడ్డకు కాలేజీవాళ్ళ ఇంటర్వ్యూ, ఫోను తెర మీద. నేను వాళ్ళలాగా కుర్చీలో కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. ప్రమాదం చాలా రోజులుగా ఇంట్లోనే తిరుగుతోంది. నా కంటికి ఆనింది మాత్రం ఆ చూపుతోనే.

ఈసారి తెలుగులో అడిగాను. "ఎన్ని దినాలు పడతాది నీకు?"

"నాకు నేసేది రాదు కదా వదినా" అంది, చాలా నెమ్మదిగా.

రెండు వారాల కిందట కాలేజీకి పంపిన వ్యాసంలో మాత్రం ఆమె నేస్తుంది. తెల్లవారుజామున మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడె విసురుతుంది. ఆమె పాదాల కింద మగ్గం ఊపిరి పీలుస్తుంది. ఆ వాక్యం నాకు చాలా ఇష్టం. ఎందుకంటే అది రాసింది నేను.

ఈ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మనిషిని నేనొక్కదాన్నే. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. అందుకని ఆడబిడ్డ ఇంటర్ రెండో సంవత్సరంలో పడినప్పటి నుంచి ఆమె చదువు గురించిన ప్రశ్నలన్నీ నా దగ్గరికే వచ్చేవి. లెక్కలూ చరిత్రా సాహిత్యమూ కలిపి చదువుకునే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు ఉన్నాయని, చాలా కొద్దిమందినే తీసుకుంటారని, తీసుకున్నవాళ్ళలో లేనివాళ్ళకు ఫీజు మొత్తం మాఫీ చేస్తారని ఆమే ఫోనులో చూసి నాకు చూపించింది. ఆ ఫోటోల్లో అన్నిటికంటే ముందు కనబడింది గడ్డి. ఎండాకాలంలో కూడా అంత పచ్చగా, కాళ్ళు ముంచుకోవచ్చన్నంత ఒత్తుగా. దాని మీద పిల్లలు బోర్లా పడుకుని పుస్తకాలు చదువుకుంటున్నారు.

"వదినా, ఆ గడ్డికి దినామూ నీళ్ళు పెడతారంటావా?" అని అడిగింది.

మా అత్త పక్క నుంచి తొంగిచూసింది. "అంత గడ్డి పెట్టుకోని ఒక్క మేకా లేదే ఆడ" అంది.

ఆ రాత్రి నాకు ఆ గడ్డి కలలోకి వచ్చింది. ఆడబిడ్డ దాని మీద నడుస్తూ పోతుంటే, ఆమె వెనక ఒక పట్టుపోగు మా గుమ్మం దాకా సాగుతూనే ఉంది, తెగకుండా.

నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. మూడు కాలేజీలు, మూడు పేజీలు. పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, ఇంగ్లీషు, వ్యాసం, బడి బయట చేసినవి. ఒక్కొక్కదాని పక్కన పిల్లల రంగుపెన్సిళ్ళతో గుర్తు. వస్తుందనుకుంటే ఆకుపచ్చ, అనుమానమైతే పసుపు, కష్టమైతే ఎరుపు. ఇది చూసి నా భర్తకు ఒళ్ళు మండేది.

"కటాఫ్ ఎంతో చెప్పప్పా, అయిపోతాది" అనేవాడు.

"కటాఫ్ లేదు."

"కటాఫ్ లేని కాలేజీ యాడన్నా ఉంటాదా? ర్యాంకు?"

"ర్యాంకూ లేదు. మనిషిని చూస్తారంట."

"మనిషిని చూసేకి అదేమన్నా పెళ్ళిచూపులా?"

నేను నవ్వాను గాని, నా భయం కూడా అదే. మార్కులైతే కొలవగలను. మనిషిని ఏ రంగుతో కొలవాలి? బడి బయట ఏం చేశావని దరఖాస్తులో అడిగిన చోట ఆడబిడ్డ 'ఏమీ లేదు' అని నింపింది. వ్యాసం కూడా రాసింది, రెండు పేజీలు. లైబ్రరీ గురించి, అనంతపురానికి పోయే బస్సు గురించి, కిటికీలోంచి కనబడే గాలిమరల గురించి. చదివి నేను పసుపు వేశాను. పసుపు చూస్తే నాకు నిద్ర పట్టదు. మూడు రోజులు కూర్చుని దాన్ని ఆకుపచ్చ చేశాను. ఆమె వాక్యాలు ఒక్కొక్కటే తీసేసి, వాటి చోట మగ్గం పెట్టాను. 'ఏమీ లేదు' కొట్టేసి, ఆ గడిలో 'పట్టునేత' అని రాశాను.

నేను రాసింది టైపు చేస్తూ ఆడబిడ్డ ఒక్కసారి ఆగింది. "వదినా, ఇది..." అంది.

"ఏం, బాగాలేదా?"

"బాగుంది" అని మళ్ళీ వంగి టైపు చేసుకుంది.

ఆ ఒక్క ఆగడాన్ని నేను పట్టించుకోలేదు. పదేళ్ళుగా ఈ ఇంటి కోడలిని. అయినా పొద్దున ఎనిమిదింటికి బడికి పోయి సాయంత్రం వచ్చేదాన్ని. మా పుట్టిల్లు పామిడి దగ్గర, మెట్టసేద్యం. మగ్గం ఉన్న ఇంట్లో ఎవరేం చేస్తారో చూడకుండా, అందరూ నేస్తారనే అనుకున్నాను.

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాను ఆ ఆదివారం, కుర్చీలోంచి లేస్తూ.

"నువ్వు చదువుకున్నేదానివి. అట్ల రాస్తేనే సీటిస్తారేమో అనుకున్నా" అంది. తరువాత నన్ను ఊరడిస్తున్నట్టు, "ఏం కాదులే వదినా. అన్నను అడిగి నేర్చుకుంటా" అంది.

సిగ్గుపడుతూ చెబుతున్నాను, నాకు వెంటనే నచ్చింది ఆ మాట. ముందుగదిలోకి పోయి అడిగాం. నా భర్త మగ్గం ఆపకుండానే, "పది దినాలని చెప్పు. బుటా ఎక్కువుంటే పదహైదు" అన్నాడు. ఆమె వేళ్ళు మడిచి వల్లెవేయడం మొదలుపెట్టింది. పది, చీరలో బుటా పూలుంటే పదిహేను. నాడె కుడిచేతితోనా, ఎడమచేతితోనా? కాలి కింద పలకలు ఎన్ని?

అదే గదిలో రెండో మగ్గం మీద పాత వార్పు అయిపోయి, అత్త కొత్తది అతుకుతోంది. ఈ పని తెలియనివాళ్ళకు చెప్పాలి. వార్పు, అంటే నిలువుపోగుల కట్ట, అయిపోయేటప్పుడు మొత్తం కోసెయ్యరు. పాత కొసలు మగ్గం మీదే కొంచెం మిగిల్చి, ఒక్కొక్క కొసకూ ఒక్కొక్క కొత్త పోగు కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. వేల పోగులు. తలుపులోంచి పడే ఎండలో ఆ పోగులు నీళ్ళలాగా కదులుతుంటాయి. చేసేవాళ్ళ వేళ్ళు మాత్రం కనబడవు, అంత వేగం.

"ఏమి బట్టీ కొడతాండారే ఇద్దరూ?" అంది అత్త, తల ఎత్తకుండా.

దాచడానికి లేకపోయింది. వ్యాసం ఫోనులో తీసి తెలుగులో చెప్పాను. పాదాల కింద మగ్గం ఊపిరి దగ్గరికి వచ్చేసరికి అత్త చేయి ఆగింది. తరువాత నవ్వింది, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా.

"మగ్గం గుంతలో దీని కాలు యానాడు పెట్టిందమ్మా? ఎవరి కత ఇది? మా యమ్మి యాడుండాది ఇందులో?"

"అట్ల కాదత్తా, వాళ్ళకు మన పని తెలియాలని..."

"పని తెలియాలంటే అతికేది రాయాల. దానికి పదేండ్లప్పటి నుంచి అతుకుతాండాది. వీధిలో ఆరిండ్లకు పోయి అతుకుతాది. అది రాయలేదా?"

ఆడబిడ్డ ఆశ్చర్యంగా చూసింది. "అది పనేనామ్మా? నీకు సాయం చేసేది, అంతే కదా?"

"ఓహో. సాయమా?" అని అత్త కొడుకు వైపు తిరిగింది. "రేయ్, నేసేవాడా! మేము అతకకుంటే ఏమి నేస్తావురా నువ్వు?"

"గాలి నేస్తా" అన్నాడు నా భర్త.

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే నాకు ఏడుపు వచ్చింది. 'ఏమీ లేదు' అని ఆ అమ్మాయి రాసినప్పుడు నేను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. ఈ ఇళ్ళల్లో మగ్గంలో కూర్చున్నవాడిదే పని. మిగతా చేతులు చేసేదంతా సాయం. అది వాళ్ళ లెక్క. ఆ లెక్కలో పుట్టిన పిల్ల 'ఏమీ లేదు' అనకుండా ఇంకేమంటుంది?

"అత్తా, అతికేటప్పుడు ఒక పోగు తప్పితే ఏం చేస్తారు?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

జవాబు ఆడబిడ్డ చెప్పింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి నా ముఖం చూడకుండా, గబగబా. "తప్పిన కాడికి పోయి విప్పల్ల వదినా. ఒక పోగు పక్కకు జరిగిందంటే దాని పక్కవన్నీ జరిగిపోతాయి. విప్పకుండా నేసినామంటే చీర పొడుగునా గీత పడతాది. మడత పెడితే కనపడదు. కట్టుకుంటే కనపడతాది." చెప్పి, తన మాట తానే విన్నట్టు ఆగిపోయింది. తరువాత, "వాళ్ళకు మెయిల్ పెడతా" అంది.

నేను వద్దన్నాను. ఉన్నమాట రాస్తున్నాను, వద్దనే అన్నాను. తప్పు రాశామని మనమే చెప్పుకుంటే ఇంటర్వ్యూ కూడా రద్దు చేస్తారేమో. మిగతా రెండు కాలేజీలూ అప్పటికే సీటు రాదని చెప్పేశాయి. ఉన్నది ఇదొక్కటే. ఆమె విని, తల ఊపి, ఫోను తీసుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చుంది.

నేను వెనకే పోబోయాను. అత్త నా చీరకొంగు పట్టుకుంది. "నువ్వు ఈడ కూసో. బూడిద అద్దుకో."

నాకు రెండు కొసలు ఇచ్చింది. మెలిపెడితే విడిపోయాయి. మళ్ళీ పెడితే తెగింది. నాలుగోది నిలిచింది. తలుపులోంచి ఆడబిడ్డ వీపు కనబడుతోంది. ఆమె రాస్తోంది, ఆగుతోంది, రాస్తోంది. నా నాలుక మీద ఎన్ని ఇంగ్లీషు వాక్యాలు వచ్చాయో! ఒక్కటీ బయటికి పోనివ్వలేదు. సాయంత్రం ఎండ పోగుల మీద నుంచి నేల మీదికి, నేల మీద నుంచి గోడ మీదికి జరిగింది. నేను అతికినవి పదకొండు.

ఆమె వచ్చి ఫోను నా చేతికిచ్చింది. చిన్న ఉత్తరం. రెండు చోట్ల వ్యాకరణం తప్పు. అందులో ఉన్నది ఇది: నా దరఖాస్తులో, వ్యాసంలో నేను నేస్తానని ఉంది, అది నిజం కాదు. మా అన్న నేస్తాడు. నేను పోగులు అతుకుతాను. అది పని అని నాకు ఈరోజే తెలిసింది. వ్యాసం మా వదిన రాసింది, నేను ఆపలేదు. నేను మొదట రాసుకున్నది దీనితో పంపుతున్నాను. మీరు రేపు నాతో మాట్లాడతారా లేదా, చెప్పండి.

"తప్పులు దిద్దమంటావా?" అన్నాను.

"వద్దు వదినా" అని, నేను చూస్తుండగానే పంపేసింది.

రాత్రి నోటుపుస్తకం తెరిచాను. ఆ కాలేజీ పేజీలో వ్యాసం పక్కన ఆకుపచ్చ మెరుస్తోంది. దాన్ని చెరిపాను. చెరిపిన చోట ఏ రంగు వేయాలో తోచలేదు. మా నాయన గుర్తొచ్చాడు. మబ్బు పట్టినప్పుడు చుట్టుపక్కల చేనివాళ్ళంతా ఆయన్నే అడిగేవాళ్ళు, వాన వస్తాదా అని. ఆయన చాలాసేపు చూసి, "రావొచ్చు" అనేవాడు. అంతకు మించి ఒక్కమాట వచ్చేది కాదు. "వస్తాదని చెప్పు నాయనా" అని నేను ఏడ్చేదాన్ని. ఒక ఏడాది నా పోరు పడలేక, "వస్తాదిలే, పడుకో" అన్నాడు. రాలేదు. వేసిన శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. ఎన్ని రోజులో నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ తరువాత నేనెంత పోరినా ఆయన 'రావొచ్చు' దాటలేదు. నేను మాత్రం తల్లినైనాక, పిల్లలు ఏది అడిగినా 'వస్తాది' అనే చెబుతూ వచ్చాను. వాళ్ళ ధైర్యం కోసమో, నా ధైర్యం కోసమో.

ఇంటర్వ్యూ అయ్యాక ఇన్ని రోజులకు, ఇది రాస్తున్న ఈ రాత్రికీ ఫలితం రాలేదు. మా ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. ఆ సోమవారం పొద్దున జరిగింది మరిచిపోకముందు రాసుకుంటున్నాను.

ఏడు గంటలకు కాలేజీ నుంచి ఒక్క వాక్యం వచ్చి ఉంది. పదకొండుకు మాట్లాడదాం అని. అంతే. కోపంతో రాశారో, మెచ్చుకుని రాశారో అందులో తెలియదు. నా భర్త వీధి చివరిదాకా నడిచి, పదకొండు నుంచి గంటసేపు మగ్గాలు ఆపమని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. "సరేలే అన్నా, మీ చెల్లెలు బాగా మాట్లాడనీ" అన్నారట. ఆడబిడ్డ తల దువ్వుకుంటోంది. బూడిద ఇంకా గోళ్ళ సందుల్లోనే ఉంది. కడుక్కోమని చెప్పబోయి ఊరుకున్నాను.

నా పిల్లలిద్దరూ బడి వ్యాను కోసం గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళకు ఆడబిడ్డే అత్త. ఎనిమిదేళ్ళ కూతురు నా చేయి పట్టుకుని, "అమ్మా, అత్తకు సీటొస్తాదా?" అంది. ఐదేళ్ళవాడు నాకంటే ముందు, "వస్తాది! అమ్మ మొన్ననే చెప్పింది కదా?" అన్నాడు.

వాళ్ళ ముందు కూర్చున్నాను.

"రావొచ్చు" అన్నాను. "వస్తాదని నేను చెప్పింది తప్పు. నాకు తెలీదు. అత్త రాయాల్సింది నేను రాసినాను, అదీ తప్పే. నిన్న అత్తే విప్పి సరిచేసింది. ఈ పొద్దు వాళ్ళు ఏమడిగినా అత్తే చెప్తాది, నేను ఆ గదిలో ఉండను. మీరు ఇంటికొచ్చినాక ఏం జరిగిందో అత్తనే అడగండి. నన్ను అడగొద్దండి."