మోటారుది కాదు ఆ షాక్

2007 వేసవిలో జరిగింది ఇది. వనపర్తిలో మా ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుట్టేదాన్ని. కాన్పు తర్వాత పట్టుకున్న దిగులుకు అప్పటికి ఆరేళ్లుగా రోజూ ఒక గోలీ వేసుకుంటున్నాను. "ఇప్పుడు మంచిగనే ఉన్నవ్ గదమ్మా, బంద్ చెయ్యి" అన్నాడు డాక్టర్. ఆ రోజే మానేశాను.

మూడో రోజు మిషన్ ముందు కూర్చుని తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది. మిషన్‌కు కొత్తగా బిగించిన మోటారుదే తప్పనుకున్నాను. ఎలక్ట్రీషియన్ విప్పి చూసి, "అక్కా, ఏడా లీకు లేదు" అంటే, పెళ్లి జాకెట్ల కోసం వచ్చినవాళ్ల ముందే "పని రాకుంటే ఎందుకొచ్చినవ్" అని తిట్టి పంపాను. ప్లగ్గు పీకేసి, రబ్బరు చెప్పులేసుకుని, కాలితో తొక్కుతూ కుట్టాను. అయినా కొట్టింది. కళ్లు తిరిగి ఆ జాకెట్ల మీదే వాంతి చేసుకున్నాను.

మా ఆయన దవాఖానకు తీసుకుపోతే ఆ డాక్టరే, "గిన్నేండ్లు వాడిన గోలీ ఒక్కసారే బంద్ చేస్తరా? జర జర తగ్గించాలె. గంత తెల్వదా" అన్నాడు.

"బంద్ చెయ్యమన్నది మీరే గద సార్" అన్నాను. ఆయన తలెత్తకుండా తర్వాతి పేషెంటును పిలిచాడు. నా ఒళ్లు మండిపోయింది.

వేరే డాక్టర్ దగ్గర మళ్లీ మొదలుపెట్టి, కొద్దికొద్దిగా తగ్గించి మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. పాడైన జాకెట్లకు బదులు కొత్తవి కుట్టిచ్చాను. ఎలక్ట్రీషియన్ ఇంటికి పోయి, తప్పైందని చెప్పి వచ్చాను.

నాకు మాత్రం ఆ మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.