పుట్టిలో విమానం

నేను డిగ్రీ చదివే రోజులవి. గద్వాల దగ్గర కృష్ణలో మా అన్న రిమోట్ విమానం నీళ్లమీద దిగి ఆగిపోయింది. అన్నకు నీళ్లంటే భయం. చేపలు పట్టే మేనమామతో పుట్టిలో నేనే వెళ్లి దాన్ని అందుకున్నాను.

"దొరికింది!" అనగానే, పని అయిపోయిందనుకుని అన్న ఒడ్డున రిమోట్ ఆపేశాడు. విమానంలో బ్యాటరీ తీయకముందే అలా ఆపకూడదట. సిగ్నల్ తెగి, ముందున్న ఫ్యాన్ ఒక్కసారిగా గిర్రున తిరిగింది. నాకేమీ తెలియలేదు.

"నెత్తురు కారుతుంది, చెయ్యి చూస్కో బిడ్డా!" మామ తెడ్డు వదిలేసి అరిచాడు.

ఒడ్డు నుంచి అన్న కేకేశాడు. "విమానం పైలమేనా? దానికేం కాలేదు గదా?"

"పైలమే" అన్నాను.

వేలికి కుట్లు పడ్డాయి. ఇప్పటికీ పచ్చడి కలిపితే చెయ్యంతా మండుతుంది, ఆ ఒక్క వేలు తప్ప.