జహీరాబాద్ అంగడికి విసుర్రాయి మోసుకెళ్లిన రోజు

మా కాలనీలో ఇద్దరు కుర్రవాళ్లు ఏదో కొత్త వస్తువు తయారుచేశారు. దాన్ని ఎక్కడ ప్రకటించాలి, ఎలా ప్రకటించాలి అని నెల రోజులుగా తల పట్టుకుని కూర్చున్నారు. పెద్ద హోటల్లో హాలు తీసుకోవాలా, ఫోనుల్లో ప్రకటన వేయాలా అని వాళ్లలో వాళ్లకే పేచీ. మొన్న సాయంత్రం నన్ను ఆపి, మీ రోజుల్లో ఎలా చేసేవాళ్లని అడిగారు. బస్సు టాపు మీదికెక్కించి జహీరాబాద్ అంగడికి తీసుకెళ్లేవాళ్లమన్నాను. మర్యాదగా నవ్వి వెళ్లిపోయారు. నేను వేళాకోళానికి అనలేదు. ఏదైనా కొత్త వస్తువు చంకన పెట్టుకుని ఆ దారిన వెళ్దామనుకునేవాళ్లు ఉంటే వాళ్ల కోసం ఆ ప్రయాణం ఇక్కడ రాస్తున్నాను. ఎనభైల తొలి సంవత్సరాల మాట ఇది.

అప్పుడు నేనూ నా స్నేహితుడు మొయినూ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. మేం తయారుచేసింది చేతితో తిప్పే విసుర్రాయి. ఇనుప స్టాండు, దాని మీద రెండు చిన్న రాళ్లు, కింద బేరింగులు, పక్కన సైకిల్ పెడలు కడ్డీతో చేసిన పిడి. పిడి తిప్పితే పళ్ల చక్రం తిరిగి పై రాయి తిరుగుతుంది. అప్పటికే పిండి పట్టడానికి గిర్నీలు వచ్చాయి గానీ, కందులూ శనగలూ మాత్రం చాలా ఇళ్లలో ఇంకా విసుర్రాయి మీదే పప్పు చేసుకునేవారు.

దాని వెనక అసలు కారణం మా అమ్మ. నా చిన్నప్పుడు అమ్మా, మా సంగక్కా రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకే కర్ర పిడిని ఇద్దరూ పట్టుకుని విసిరేవారు. ఇంట్లో ఏ విషయమైనా అక్కడే తేలేది. నేను వాళ్ల పక్కనే గోనెపట్టా మీద పడుకుని, ఆ గరగర శబ్దంలో వాళ్ల మాటలు వింటూ నిద్రపోయేవాణ్ని. సంగక్కకు న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరికి పెళ్లయింది. తర్వాత అమ్మ ఒక్కతే విసిరేది. మధ్యలో ఏదో చెప్పబోయి, ఎదురుగా ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయేది. భుజం లాగుతోందనేది. రాయి బరువు తగ్గిస్తే ఆమె కష్టం తీరుతుందనుకున్నాను. మా యంత్రం సరిగ్గా తిరిగేనాటికి అమ్మ లేదు. ఆమె చేత ఒక్కసారైనా తిప్పించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మొయిన్ ముందే చెప్పేశాడు. "ఈ ఒక్క అంగడి సూద్దాం. నలుగురన్నా అడగకుంటే షెడ్డు ఖాళీ చేసి మళ్ల ఫ్యాక్టరీ గేటు కాడ నిలవడదాం." సినిమా హాల్లో స్లైడు వేయిద్దామంటే, స్లైడు పడే సమయానికి జనం సోడాల దగ్గర ఉంటారు. పత్రికలో ప్రకటన మా తాహతుకు మించిన పని. జహీరాబాద్ అంగడికైతే కోహీర్ నుంచీ, న్యాల్‌కల్ నుంచీ, సరిహద్దు అవతలి నుంచీ మూడు నాలుగు భాషల వాళ్లు వస్తారు. అందరూ పప్పు పండించేవాళ్లే. మొయిన్‌కి నేను చెప్పిన కారణం ఇది. చెప్పని కారణం సంగక్క. అమ్మ దినాలకు వచ్చి వెళ్లాక ఆమెను మళ్లీ చూడలేదు. పొలం, బర్రెలు, పిల్లలు అంటూ ఆమె రాలేకపోయింది. షెడ్డు వదిలి నేనూ వెళ్లలేకపోయాను. ఫలానా వారం అంగడికి వస్తున్నానని న్యాల్‌కల్ వెళ్లే బస్సు డ్రైవరుతో కబురు పంపాను. ఆ రోజుల్లో మా ఇద్దరికీ ఆయనే టెలిఫోను.

తెల్లవారుతూనే గౌలిగూడలో మొదటి బస్సు పట్టుకున్నాను. యంత్రాన్ని నిచ్చెన మీదుగా టాపు పైకెక్కించడానికి ఇద్దరు హమాలీలు కావలసి వచ్చారు. కండక్టరు దాని చుట్టూ తిరిగి చూసి, "గిదేంది అన్నా, కుట్టు మిషినా, రుబ్బురోలా?" అన్నాడు. విసుర్రాయి అన్నాను. "ఊర్లల్ల రాళ్లకు కరువా, పట్నంకెళ్లి తీస్కవోతున్నవు?" అంటూనే మనిషి టికెట్టుతో సమానంగా లగేజీ టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా ప్రయాణం అప్పట్లో మూడు గంటలకు తక్కువ కాదు. పొద్దున వెళ్లేవారు కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. సదాశివపేటలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాను. కోహీర్ క్రాస్‌రోడ్డు దగ్గర జామపండ్ల గంపలు కిటికీలోకే వచ్చాయి. సంగక్కకు జామపండ్లంటే ప్రాణం కాబట్టి రుమాలు నిండా కొన్నాను. అక్కడి నుంచి నేల ఎర్రబడుతుంది. దారి పొడవునా కందిచేలు. ఆ చేలను చూస్తూ, ఇంత పంటకు ఎన్ని విసుర్రాళ్లు కావాలో లెక్కవేసుకున్నాను. లెక్కల్లో నేనెప్పుడూ ధనవంతుణ్నే.

జహీరాబాద్ బస్టాండు బయట మైకు రిక్షా నడిపే ఖాజా భాయ్ దొరికాడు. రిక్షాకి ముందొక బాకా, వెనకొక బాకా. వారమంతా సినిమాల గురించి, అంగడి నాడు బట్టల కొట్ల గురించి చాటేవాడు. వెంటనే మొదలుపెట్టమన్నాను. ఆయన మాత్రం బీడీ ముట్టించి, "జర సబర్ పట్టు భయ్యా. పొద్దుగాల తెచ్చిన సరుకు అమ్ముకునే ఫికర్ల ఉంటరు. చేతుల పైసలు వడ్డంకనే చెవులు తెరుస్తరు" అన్నాడు. నాకు ఓపిక ఎక్కడిది? పట్టుబట్టాను. ఏం చెప్పాలో కూడా బస్సులోనే తయారుచేసుకున్నాను. ఇద్దరి పని ఒక్కరితో అయ్యే యంత్రం, ఒక్క మనిషి చాలు అని. ఖాజా భాయ్‌కి ఆ చివరి ముక్క తెగ నచ్చింది. "ఒక్క మనిషి చాలు, ఏక్ ఆద్మీ బస్, ఒబ్బరే సాకు" అని తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో రాగం తీస్తూ అంగడంతా రెండు చుట్లు తిరిగాడు.

మిరపకాయల కుప్పలకూ గాజుల దుకాణాలకూ మధ్య యంత్రం పెట్టుకుని నిలబడ్డాను. ఆడవాళ్లు వచ్చారు. రాయిని తడిమారు, పిడి ఓసారి తిప్పి చూశారు, బాగుందన్నారు. అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. పొద్దెక్కేదాకా ఇదే తంతు. వెల అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి వెల్లుల్లి అమ్మే ఒక పెద్దావిడ తన గంప పక్కనున్నవాళ్లకు అప్పగించి వచ్చింది.

"గిది ఇంట్ల ఎవ్వలు లేనోళ్ల కోసమా, బిడ్డా?" అంది.

కాదు, అలుపు లేకుండా ఒక్కరే విసురుకోవచ్చన్నాను.

"మా దిక్కు ఒక్కతే ఇసురుకుంటున్నదంటే ఎవ్వల్తోనో లొల్లి వెట్టుకున్నదనుకుంటరు. లేకుంటే పాపం, ఇంట్ల మనుషులు లేరనుకుంటరు. పక్కింటామె అన్న వచ్చి కూసుంటది గదా. నువ్వేమో గా మాట మైకుల చెప్పిస్తున్నవు. ఎవ్వలు కొంటరు?" నా మొహం చూసి ఆమెకే జాలేసినట్టుంది. "మీ ఇంట్ల ఎవ్వలెవ్వలు ఉన్నరు, బిడ్డా?" అని మెల్లగా అడిగింది.

ఉన్నది నేనొక్కణ్నే. ఖాజా భాయ్ దూరంగా ఇంకా ఒబ్బరే సాకు అంటూనే ఉన్నాడు. పరుగెత్తి వెళ్లి మైకు ఆపించాను. షెడ్డు ఖాళీ చేస్తున్నట్టే అనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం న్యాల్‌కల్ బస్సు దిగి సంగక్క వచ్చింది. ఎండకు నల్లబడింది, చిక్కిపోయింది. నెత్తిన కొంగు, చంకలో రొట్టెల మూట. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. అంగట్లో ఏడవడం బాగుండదని జామపండ్లు చేతికిచ్చాను.

"గింత సన్నవడ్డవేంది తమ్మీ? పట్నంల తిండి దొర్కదా?" అంటూ యంత్రం వైపు చూసింది. "అమ్మ కోసం చేసిందేనా?"

అవునన్నాను. అక్క దాని ముందు కూర్చుని గుప్పెడు కందులు వేసి తిప్పింది. పప్పు విడివడి పక్కలకు రాలింది. వేళ్లతో తీసి చూసి, "మంచిగున్నది. అల్కగ తిరుగుతున్నది" అంది. లేచి, నన్ను పిడి దగ్గర కూర్చోబెట్టి, తను అటు పక్కకు వెళ్లి, ఎప్పట్లా కాళ్లు చాపుకుని నా ఎదురుగా కూర్చుంది. పిడి కోసం చెయ్యి చాపితే అక్కడ ఖాళీ గాలి. ఇటువైపున్న ఒక్క పిడి మీద ఇద్దరం చేతులు వేస్తే వేళ్లు కొట్టుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వి, "అమ్మ గిక్కడ కూసుంటే, మరి నేనేడ కూసోవాలె తమ్మీ?" అంది.

అమ్మ భుజం లాగింది రాయి బరువుకు కాదని నాకప్పుడు అర్థమైంది.

యంత్రం ఇరుసు అవతలి కొస బయటికి పొడుచుకునే ఉంది. ఖాజా భాయ్ దాన్ని రిక్షాలో వేసుకుని చిరాగ్‌పల్లి వైపు లారీలు ఆగే చోట వెల్డింగు షాపుకు తీసుకెళ్లాడు. అక్కడో పాత సైకిల్ కడ్డీ వెతికి రెండో పిడి అతికించారు. అది చల్లారేలోగా మేం ముగ్గురం పక్క హోటల్లో చాయ్ చెప్పి, అక్క తెచ్చిన జొన్న రొట్టె, నువ్వుల పొడి తిన్నాం. హోటల్ వంటాయన అడక్కుండానే ఉల్లిగడ్డ చితక్కొట్టి ఇచ్చి, "అక్కాతమ్ముళ్లా? మాటలు గలుస్తున్నయి" అన్నాడు. ఆ మాటకే అక్క కళ్లు తుడుచుకుంది.

తిరిగొచ్చేసరికి సరుకు అమ్ముకున్న జనం తీరిగ్గా తిరుగుతున్నారు. ఖాజా భాయ్ మైకు అందుకోబోతే అక్క వద్దంది. "బందువెట్టు భాయ్. రాయి సప్పుడే పిలుస్తది." ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఒకరు నెడితే ఒకరు లాగాలి. మొదట తడబడి, తర్వాత కుదిరింది. గరగర మొదలవగానే అక్కకు మాటలు వచ్చేశాయి. బర్రె ఈనిన సంగతి, బావ మోకాళ్ల నొప్పి, అమ్మ చీర ఒకటి తన పెట్టెలో ఉన్న సంగతి. అమ్మ ఆఖర్లో తన గురించి ఏమైనా అడిగిందా అని అడిగింది. రోజూ అడిగేదన్నాను. అంగట్లో ఉన్నామన్నది మర్చిపోయాం. తల ఎత్తి చూస్తే చుట్టూ ఆడవాళ్లు. వెల్లుల్లి పెద్దావిడ అందరికన్నా ముందు కూర్చుని మా ఇంటి సంగతులు వింటోంది. "లేవుండ్రి, ఇగ మేం కూసుంటం" అని తన వియ్యపురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. వాళ్లకు పాత లొల్లి ఏదో ఉందట, అక్కడే సగం తేల్చుకున్నారు. ఆ తర్వాత జంటలు జంటలుగా వచ్చారు. పొద్దు వాలేలోపు మొయిన్ అడిగిన నలుగురికంటే ఎక్కువమందే తమ ఊళ్ల పేర్లు చెప్పి, పై అంగడికి తెమ్మన్నారు.

ఆ యంత్రాన్ని నేను వెనక్కి తేలేదు. న్యాల్‌కల్ బస్సు టాపు మీద అక్కతో పంపాను. బస్సు కదులుతుంటే అక్క కిటికీలోంచి, "ఇంకొక దినం వచ్చి కూసో తమ్మీ" అంది. వస్తానన్నాను. వెళ్లాను కూడా, కానీ ఆమె అనుకున్నన్నిసార్లు కాదు, నేను కోరుకున్నన్నిసార్లు కూడా కాదు. మా షెడ్డు కొన్నేళ్లు బాగానే నడిచింది. ఊరూరా కరెంటు గిర్నీలు వచ్చాక మూతపడింది. దానికి నాకు విచారం లేదు. సంగక్క పోయాక మేనల్లుడు ఆ మొదటి విసుర్రాయిని తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. అప్పుడప్పుడు గుప్పెడు కందులు వేసి తిప్పుతాను. ఇరుసు ఒకటే కాబట్టి నేను తిప్పినప్పుడల్లా ఎదుటి పిడి కూడా తిరుగుతుంది. దాన్ని చూస్తూ అక్కతో చెప్పాల్సినవి చెప్పుకుంటాను.

వెళ్లేవాళ్లకు నా సలహా. అంగడి ఏ రోజో ముందే కనుక్కుని వెళ్లండి. సరుకు దించగానే చాటింపు మొదలుపెట్టకుండా మధ్యాహ్నం దాకా ఆగండి. మైకు లేకపోయినా ఫరవాలేదు గానీ, ఎదురుగా కూర్చోవడానికి మీ మనిషినొకరిని వెంట తీసుకెళ్లండి.