వాడకట్టు మొత్తానికి ఒకటే నంబరు

మా చిన్నప్పుడు మా వాడకట్టు మొత్తానికి ఒకటే ఫోన్ నంబరు... మా నాయినది.

చిన్నప్పుడంటే మరీ పాతకాలం కాదులెండి, నవ్వకండి... తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు. నేను ఆరో తరగతి. జడ్చర్లకు కాస్త లోపల మా ఊరు. అప్పటికే ఇంటింటికీ బటన్ ఫోన్లు వచ్చాయి. కానీ సిమ్ములకే నిలకడ లేదు. ఎక్కడ ఊరికే ఇస్తే అక్కడ కొత్తది తీసుకోవడం, పాతది పారేయడం. మా నాయిన ఒక్కడే మొదటి నుంచీ ఒకే నంబరు మీద ఉన్నాడు.

అందుకే బడిలో ఆధార్ క్యాంపు పెట్టి "ఫోన్ నంబరు చెప్పండి" అంటే, ఒకరిని చూసి ఒకరు అందరూ మా నంబరే చెప్పారు. గ్యాసుకూ, బ్యాంకుకూ అదే...

నాయిన పనిచేసే మందుల కంపెనీలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. గోడ గూట్లో దీపపు బుడ్డి పక్కన పెట్టి పోయేవాడు. ఎవరి ఓటీపీ అయినా ఆ గూట్లోకే రావాలి. అమ్మకు చదవడం రాదు. చదివి, పరుగెత్తుకెళ్లి చెప్పడం నా పని. దారిలో ఎవరు పలకరించినా పలికేదాన్ని కాదు... అంకెలు చెదిరిపోతాయని భయం. చెప్పినందుకు గుప్పెడు పల్లీలో, బెల్లం ముక్కో చేతిలో పెట్టేవారు. ఊళ్లో నా అంతటి మనిషి లేదనుకునేదాన్ని.

ఆ ఇంగ్లీషు మెసేజీలో ఏది నంబరో పోల్చుకోవడం నాకు నేర్పింది స్వరూపక్క. ఎదురింటి యాదమ్మ పెద్దమ్మ బిడ్డ. "మర్చిపోతవేమో, చేతి మీద రాసుకో చెల్లె" అని తన పెన్ను కూడా ఇచ్చింది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. ఆ ఏడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ సీటు వచ్చింది. వాళ్లింట్లో డిగ్రీ చదవబోయే మొదటి మనిషి...

సరిగ్గా ఆ వారంలోనే నల్లా దగ్గర గొడవ. నేను వరుసలో మా బిందె కాస్త ముందుకు జరిపాను. యాదమ్మ పెద్దమ్మ కస్సున లేచింది.

"ఫోన్ నంబరు మీదని, గీ నల్లా గూడ మీదేనా?"

అమ్మ ఊరుకుంటుందా... "గంత రోషముంటే మా నంబరెందుకు రాయించుకున్నరు?"

మాటా మాటా పెరిగింది. ఇక మీ గడప తొక్కనని పెద్దమ్మ ఒట్టు పెట్టుకుంది. అమ్మ ఆ సాయంత్రానికే మరిచిపోయింది. నేను మరవలేదు. ఎండలో పరుగెత్తి నంబర్లు చెప్పిన నన్ను నలుగురిలో అంత మాట అంటుందా అని కడుపు మండిపోయింది.

మూడో రోజు, సీటు ఖాయం చేసుకోవడానికి ఆఖరి గడువు. స్వరూపక్క పొద్దున్నే జడ్చర్లలో నెట్ సెంటర్‌కు వెళ్లింది. మధ్యాహ్నం గూట్లో ఫోన్ మోగింది. చూశాను... ఆరు అంకెలు. చూసి, మళ్లీ గూట్లోనే పెట్టేశాను.

కాసేపటికి యాదమ్మ పెద్దమ్మ వచ్చింది. గడప దాటలేదు. బయటే నిలబడి, కొంగు నలుపుకుంటూ...

"బిడ్డా, స్వరూప నాకు ఫోన్ చేసింది, లొల్లి అయినంక మీకు జెయ్యాలంటే మొకం చెల్లుతలేదంట. ఏమన్న నంబరొచ్చిందా, జర సూడు."

అమ్మ మనసులో ఏమీ పెట్టుకోలేదు. "సూసి చెప్పు బిడ్డా. గా పిల్లేం జేసింది పాపం" అంది.

ఫోన్ తీశాను. రెండో మెసేజీ కూడా వచ్చి ఉంది. పెద్దమ్మ నా ముఖమే చూస్తోంది...

"ఏం రాలే పెద్దమ్మా."

"మల్ల సూడు బిడ్డా. గా సెంటరాయన పంపిన అంటున్నడంట..."

"రాలే అన్న గదా!"

ఆమె ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఇంకొక్కసారి బతిమాలితే చెప్పేద్దామనుకున్నాను... నిజంగా అనుకున్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఆ తర్వాత మూడోది వచ్చింది. నాకు భయమేసింది. మూడూ చెరిపేశాను.

గడువు దాటి ఆ సీటు పోయింది, తర్వాతి విడతలో అక్కకు ఎక్కడో దూరాన పడింది. "హాస్టల్ లేని కాడికి ఆడపిల్లను ఎట్ల పంపుత" అని వాళ్ల బాపు వద్దన్నాడు. దసరా దాటేసరికి స్వరూపక్క కంపెనీ బస్సెక్కింది... మా నాయిన వెళ్లే బస్సే. మందు గోలీలు డబ్బాల్లో సర్దే పని. ఇప్పటికీ అదే పని.

వాడకట్టులో ఎవరో అనుమానంగా ఏదో అంటే అమ్మ మీద పడి కరిచినంత పని చేసింది. "నంబరొస్తే నా బిడ్డ చెప్పకుండ ఉంటదా? అది అబద్ధమాడె పిల్ల గాదు." యాదమ్మ పెద్దమ్మ కూడా నమ్మింది. మళ్లీ పల్లీలు పెట్టింది. ఆ పల్లీలు నాకు మింగుడు పడలేదు. ఆ రోజే నన్ను జుట్టు పట్టుకుని నాలుగు తగిలించినా బాగుండేది...

నేను డిగ్రీ చదివాను. హైదరాబాద్‌లో కిరాయి గదిలో ఉండి ఉద్యోగం చేస్తున్నాను. నాయిన స్మార్ట్ ఫోన్, కొత్త నంబరు తీసుకున్నాక పాత సిమ్ము నేను తెచ్చుకున్నాను. దానితో ఎవరికీ పని లేదు. అయినా చచ్చిపోనివ్వకుండా రీచార్జి చేయిస్తూనే ఉన్నాను.

మొన్న దాంట్లో ఒక ఓటీపీ వచ్చింది. నిమిషానికే స్వరూపక్క ఫోన్... ఏదో పాత కాగితంలో ఇంకా మా నంబరే ఉండిపోయిందట. వెంటనే చదివి చెప్పాను.

"గింత జల్ది వచ్చిందా! గా దినం గూడ గిట్లనే వచ్చుంటే మంచిగుండు గద చెల్లె" అని నవ్వింది.

ఇప్పుడు ఎవరి నంబరు వారి జేబులోనే ఉంది. ఆరు అంకెల కోసం ఇంకొకరి గడప ముందు నిలబడాల్సిన పని లేదు. మంచిదే... కానీ వాడకట్టులో ఒకరి తలుపు ఒకరు తట్టడం కూడా దాంతోనే పోయింది. మీ ఊళ్లోనూ అందరికీ కలిపి ఒకటే నంబరు ఉండేదా? ఎవరిది? కింద రాయండి... అన్నీ చదువుతాను.

స్వరూపక్క కూడా ఇక్కడ నా ఫ్రెండ్స్‌లో ఉంది. షిఫ్టు దిగి, బస్సులో కూర్చున్నాక ఫోన్ తెరుస్తుంది.

ఆ రోజు నంబరు వచ్చింది అక్కా... మూడుసార్లు వచ్చింది.